ఓడెక్కిన కూలి

మలయాళంలో లంచాన్ని 'కైక్కూలి' అంటారు. చేతిలో పెట్టే కూలి అని. అదే భాషలో 'నోక్కుకూలి' అని ఇంకో మాట ఉంది. లారీలో వచ్చిన సరుకును యజమాని తన మనుషులతోనో యంత్రంతోనో దించుకుంటుంటే, ఆ పని తమకు దక్కాల్సిందంటూ పక్కన నిలబడి చూసిన స్థానిక హమాలీలు వసూలు చేసే డబ్బు అది. చూసినందుకు కూలి. 2018 మే 1 నుంచి కేరళ ప్రభుత్వం దాన్ని నిషేధించింది. తమిళంలో డబ్బు పుచ్చుకుని ప్రాణాలు తీసే ముఠాను 'కూలిప్పడై' అంటారు. తెలుగు పత్రికలు కిరాయి హంతకులని రాసేది అలాంటివాళ్ల గురించే. పాక్ జలసంధి దాటి శ్రీలంక వెళ్తే, సింహళంలో 'కులియట' అని బోర్డు కట్టిన ఇల్లు అద్దెకు ఉన్నట్టు.

లంచం, అద్దె, హంతకుడి రుసుము. మూడింటికీ పొంతన లేనట్టు కనిపిస్తుంది గానీ, ఒకరి కోసం ఏదో చేసినందుకో, ఒకటి ఇచ్చినందుకో తిరిగి చేతికి రావలసిన డబ్బు అన్న అర్థం అన్నిటి అడుగునా ఉంది. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం, తుళు భాషలన్నిటిలో కూలి అంటే మొదట ఆ డబ్బే. తిరుక్కురళ్ 619వ పద్యంలో ఈ మాట ఒళ్లు వంచి చేసిన శ్రమకు దక్కే ఫలితం అన్న అర్థంలో వస్తుంది. ప్రయత్నం గొప్పదనాన్ని చెప్పే అధ్యాయం అది. అంటే ఈ మాట తొలినాళ్లలోనే గౌరవమైన చోట కూర్చుంది. (తెలుగులో 'చెట్టు కూలింది' అనే క్రియకూ దీనికీ చుట్టరికం లేదు.)

తెలుగు పల్లెల్లో ఈ మాట విలువ తెలియాలంటే దాని పక్కన 'వెట్టి'ని పెట్టి చూడాలి. వెట్టి అంటే డబ్బివ్వకుండా చేయించుకునే చాకిరీ. దొర గడీలో నీళ్లు మోసినా, పటేలు సామాను పక్క ఊరికి చేర్చినా, అధికారి వస్తే పల్లకీ ఎత్తినా చేతికి పైసా రాదు. తెలంగాణలో 1946 నుంచి సాగిన సాయుధ పోరాటానికి ఈ వెట్టి పెద్ద కారణాల్లో ఒకటి. వెట్టి చేసిన మనిషికి కూలి ఒక మెట్టు పైన కనిపించేది. పొద్దున పనికి దిగి సాయంత్రం లెక్క అడగొచ్చు. పక్క చేను రైతు నాలుగు గింజలు ఎక్కువిస్తానంటే అటు పోవచ్చు. 'కూలీనాలీ చేసి పిల్లల్ని చదివించాను' అని పెద్దవాళ్లు తల ఎత్తుకునే చెబుతారు. అందులో సిగ్గు లేదు. కష్టం ఉంది, ఆ కష్టం తాలూకు లెక్క ఉంది.

పాత వాడుకలో డబ్బుకు ఒక మాట, మనిషికి ఒక మాట ఉండేవి. కూలి డబ్బు. మనిషి కూలివాడు, కూలిమనిషి. ఈ రెండూ ఒకటై, డబ్బు జారిపోయి మనిషి మాత్రం మిగిలింది రేవుల్లో, యూరపువాళ్ల నోట.

మాట పుట్టుక గురించి యూరపు పండితులకు ఏకాభిప్రాయం లేదు. కర్నల్ హెన్రీ యూల్, తంజావూరులో జడ్జీగా పనిచేసిన ఆర్థర్ బర్నెల్ కలిసి కూర్చిన 'హాబ్సన్-జాబ్సన్' అనే ఆంగ్లో-ఇండియన్ పదకోశం 1886లో వెలువడింది. వాళ్లు ఎక్కువగా మొగ్గింది గుజరాత్, కొంకణ తీరాల కోలీల వైపు. బొంబాయి ద్వీపాల్లో చేపలు పట్టుకుంటూ బతికిన కోలీల పేరు నేటికీ ఆ నగరంలోని కోలివాడల్లో నిలిచి ఉంది. పోర్చుగీసు వాళ్లకు పడమటి తీరంలో బరువులు మోసే మనుషులుగా ముందు ఎదురైంది వీళ్లేనని, కులం పేరే పని పేరు అయిందని ఆ వాదం. ద్రావిడ భాషల కూలినీ వాళ్లు ప్రస్తావించారు. తూర్పు తీరంలో జీతం అనే అర్థంతో అదే ధ్వని గల మాట సిద్ధంగా ఉండగా, దాన్ని కాకతాళీయం అని పక్కన పెట్టడం తెలుగు చెవికి ఒప్పదు. ఇంగ్లీషువాళ్లు 1611లోనే మచిలీపట్నంలో వ్యాపార కేంద్రం పెట్టుకున్నారు. ఓడకు సరుకు చేరాలంటే రోజూ కూలి మాట్లాడుకోవలసిందే. పడమటి నుంచి వచ్చిన కులనామం, తూర్పున వినిపించిన కూలిడబ్బు రెండు వాగుల్లా రేవులోనే కలిశాయని అనుకోవడమే సబబు.

మూడో అనుమానితుడు కూడా ఉన్నాడు. తుర్కీ భాషలో 'కుల్' అంటే దాసుడు. ఒట్టోమన్ సుల్తానుల కొలువులోని సైనికులను 'కపికులు' అనేవారు; గుమ్మం దగ్గరి దాసులు అని. ఈ మాట తెలుగువాళ్లకు ఎంత దగ్గరిదో చాలామంది గమనించరు. గోల్కొండ రాజ్యాన్ని స్థాపించిన సుల్తాన్ కులీ, 1591లో హైదరాబాద్ నగరానికి పునాది వేసిన మహమ్మద్ కులీ కుతుబ్ షా పేర్లలో ఉన్న 'కులీ' ఇదే. ఇరాన్ వైపు హమదాన్ నుంచి దక్కనుకు వచ్చిన తుర్కమాన్ వంశం వాళ్లది. మహమ్మద్ కులీ అంటే ప్రవక్త మహమ్మద్ దాసుడు. రాజు తన పేరులో భక్తితో పెట్టుకున్న దాస్యం అది. రేవులో మూటలు మోసిన మనిషికి ఆ మాట నుంచి పేరు వచ్చిందని చెప్పడానికి ధ్వని పోలిక తప్ప వేరే ఆధారం కనిపించదు.

రేవుల భాష ఎప్పుడూ కలగాపులగమే. హమాలీ అరబ్బీ మాట, మేస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది. ఆ గుంపులోంచి కూలి ఒక్కటే ప్రపంచమంతా తిరిగింది. తిప్పింది చెరకు.

బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వ రద్దు చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. చెరకు తోటల యజమానులకు కొత్త చేతులు కావాలి. ఫ్రెంచివాళ్లు అంతకుముందే దారి వేసి ఉంచారు. 1820ల చివర్లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవికి వాళ్లు మనుషులను ఎక్కించింది యానాం నుంచి. గోదావరి పాయ ఒడ్డున ఉన్న ఆ చిన్న ఫ్రెంచి స్థావరం చుట్టుపక్కల ఊళ్ల తెలుగువాళ్లు వాళ్లు. దీవి కాగితాల్లో వాళ్ల పేరు 'తెలింగాలు'. బ్రిటిష్ పద్ధతి 1834 నవంబరు 2న మొదలైంది. కలకత్తా నుంచి 'అట్లాస్' అనే ఓడ 36 మంది ఆదివాసీ కార్మికులతో మారిషస్ చేరింది. తర్వాతి కాలంలో ఆ ఒక్క దీవికే దాదాపు అయిదు లక్షల మంది వెళ్లారు. బ్రిటిష్ ప్రధానిగా పేరు పొందిన గ్లాడ్‌స్టన్ తండ్రి జాన్ గ్లాడ్‌స్టన్‌కు గయానాలో తోటలుండేవి. ఆయన ఒక కలకత్తా కంపెనీకి ఉత్తరం రాసి అడిగిన మనుషులు 'విట్‌బీ', 'హెస్పెరస్' ఓడల్లో 1838 మే 5న అక్కడ దిగారు.

ఒప్పందం అయిదేళ్లది. ఇంగ్లీషు 'అగ్రిమెంటు' జనం నోళ్లలో 'గిరిమిట్' అయింది. మారిషస్‌లో నెలకు అయిదు రూపాయలు. దక్షిణాఫ్రికాలోని నేటాల్‌లో మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెంపు. కాగితం మీద ఇది కూలే. కానీ మారిషస్ తోటల్లో ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల జీతం కోసేవాళ్లు. జ్వరమొచ్చి పడుకున్న మనిషి నెలాఖరుకు యజమానికే బాకీ తేలేవాడు. పని మానేయడం క్రిమినల్ నేరం. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జైలు. పక్క చేను రైతు నాలుగు గింజలు ఎక్కువిస్తానన్నా పోయే వీలు లేదు. స్వదేశంలో కూలికీ వెట్టికీ ఉన్న తేడా ఏదో, సరిగ్గా అదే ఈ చట్టం చెరిపేసింది. పేరు మాత్రం కూలీ అనే ఉంచింది.

చైనా తీరంలో ఈ మాటకు ఇంకో జన్మ. బయటి నుంచి వచ్చిన ధ్వనిని రాయడానికి చీనీయులు రెండు అక్షరాలు ఎంచుకున్నారు. మొదటిదానికి చేదు, బాధ అని అర్థం. రెండోదానికి బలం. 'కూ-లీ'. చైనాలో చాలామంది అది తమ సొంత మాటేనని నమ్మడానికి కారణం ఆ అతుకు అంత బాగా కుదరడమే. అయితే ఆ వ్యాపారానికి దక్షిణ చైనా జనం పెట్టుకున్న పేరు ఇంకా కటువు: పందిపిల్లల అమ్మకం. మనుషులను ఓడెక్కేదాకా బంధించి ఉంచిన కొట్టాలు పందిపిల్లల ఇళ్లు.

1847 జూన్‌లో 'ఒకెండో' అనే ఓడ అమోయ్ రేవు నుంచి 206 మంది చీనీయులను ప్రాణాలతో హవానాలో దించింది. అప్పటి నుంచి 1874 దాకా క్యూబాకు చేరినవాళ్లు లక్షా పాతిక వేల దాకా ఉంటారు. స్పానిష్‌లో వాళ్లు 'కులీ'లు. క్యూబాలో ఆఫ్రికన్ బానిసత్వం అప్పటికింకా రద్దు కాలేదు. బానిసలూ కులీలూ ఒకే చెరకు తోటలో ఒకే కొరడా కింద పనిచేశారు. 1874లో చైనా ప్రభుత్వం చెన్ లాన్‌బిన్ అనే అధికారిని విచారణకు పంపింది. ఆయన బృందం 1,176 వాంగ్మూలాలు రాసుకుంది. 1,665 మంది సంతకాలు చేసిన 85 అర్జీలు అందుకుంది. చదువు వచ్చినవాళ్లు రాసి, రానివాళ్లు చెప్పి రాయించుకున్న ఆ కాగితాలు ఈ వ్యాపారం మీద కూలీలే స్వయంగా ఇచ్చిన సాక్ష్యం. అంత పెద్ద సంఖ్యలో బాధితుల గొంతు దొరకడం ఆ శతాబ్దపు చరిత్రలో అరుదు.

ఇంకో ఓడ కథ చెప్పకుండా ముందుకు పోలేం. 1872 జులైలో మకావు నుంచి పెరూ వెళ్తున్న 'మరియా లూజ్' తుఫానుకు దెబ్బతిని జపాన్‌లోని యొకొహామా రేవులో ఆగింది. లోపల రెండు వందల ముప్పై మంది దాకా చీనీ కూలీలు. ఒకడు రాత్రివేళ సముద్రంలోకి దూకి, దగ్గర్లో లంగరేసి ఉన్న బ్రిటిష్ యుద్ధనౌకకు ఈదుకెళ్లాడు. అతను చెప్పింది విన్నాక విచారణ మొదలైంది. యొకొహామా ఉన్న కనగావా ప్రాంతపు అధికారి ఓయె తకు అందరినీ విడుదల చేయమని తీర్పిచ్చాడు. విచారణలో ఓడ కెప్టెన్ తరఫు వకీలు ఎదురు వాదన ఒకటి తెచ్చాడు: జపాన్‌లోనే ఆడపిల్లలను వేశ్యాగృహాలకు ఒప్పందాలు రాసి అమ్ముతుంటే, మా ఒప్పందాలను ఎలా తప్పుపడతారు? ఆ దెబ్బ తగిలింది. అదే ఏడాది అక్టోబరులో జపాన్ ప్రభుత్వం ఆ స్త్రీలను విడిపించే ఉత్తర్వు జారీ చేసింది. పెరూ ఊరుకోక నష్టపరిహారం అడిగింది. తగవు రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్ దగ్గరికి వెళ్లింది. ఆయన 1875లో జపాన్ పక్షాన తీర్పు చెప్పాడు. నీళ్లలోకి దూకిన ఒక్క కూలీ ఇంత కదిలించాడు.

అమెరికాలో ఈ మాట చట్టాలకెక్కింది. 1862 ఫిబ్రవరిలో లింకన్ కూలీ వ్యాపారాన్ని నిషేధించే చట్టంపై సంతకం చేశాడు. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన 'కూలీ వ్యతిరేక' చట్టం తీరు వేరు. అది వ్యాపారుల జోలికి పోకుండా చీనీ కార్మికుల మీద నెలకు రెండున్నర డాలర్ల పన్ను వేసింది. సుమత్రాలోని డచ్చి పొగాకు తోటలకు 1880లో 'కూలీ ఆర్డినెన్సు' వచ్చింది. పని వదిలి పారిపోయిన కార్మికుణ్ణి శిక్షించే అధికారం దానిలోనిదే. ఇండొనేషియా భాషలో 'కులి' ఇప్పటికీ బతికే ఉంది, కొంత మెత్తబడి. అక్కడి పత్రికా విలేకరులు తమను తాము 'కులి తింతా' అని చెప్పుకుంటారు. సిరా కూలీలు.

దక్షిణాఫ్రికాలో మెత్తబడలేదు. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911 దాకా లక్షన్నర మందికి పైగా వెళ్లారు. వాళ్లలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి వెళ్లిన తమిళులు, తెలుగువాళ్లు. 1893లో గాంధీ అక్కడ దిగేనాటికి ఈ మాట తోట దాటి జాతి మొత్తానికి అంటుకుంది. వ్యాపారి కూలీ వ్యాపారి, వకీలు కూలీ వకీలు. తెల్లవాళ్లు భారతీయులను 'సామీ' అని కూడా పిలిచేవారని గాంధీ ఆత్మకథలో రాశారు. ముత్తుసామి, రంగసామి లాంటి పేర్ల చివరి ముక్క అది. సామి అంటే యజమాని అని తెలిసినవాడు, నేను నీకు యజమానినా అని ఎదురడిగితే కొందరు తెల్లవాళ్లు సిగ్గుపడేవారట, కొందరు మండిపడేవారట. 'కూలీ' దగ్గర అలాంటి వీలు లేదు. ఎవరి మాట ఎవరిని ఇంతగా పొడిచిందో చెప్పడానికి ఇదొక్క ఉదాహరణ చాలు: మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి వెళ్లినవాళ్ల భాషలో జీతం అనే మంచి మాట, వాళ్ల పిల్లలను బడి దగ్గర ఏడిపించే తిట్టుగా తిరిగొచ్చింది. నేటికీ దక్షిణాఫ్రికా కోర్టులు దాన్ని శిక్షించదగ్గ దూషణగా చూస్తాయి.

కరీబియన్ దీవుల్లో ఇంకా విచిత్రమైన రూపాలున్నాయి. జమైకాకు 1845 నుంచి భారతీయులు వెళ్లారు. వాళ్లతో వెళ్లిన రేగిపండును అక్కడ ఇప్పటికీ కూలీ ప్లమ్ అంటారు. మార్టినిక్ క్రియోల్‌లో తల్లిదండ్రుల్లో ఒకరు భారతీయులు, ఒకరు ఆఫ్రికన్లు అయిన బిడ్డను 'షపే-కులీ' అనేవారు. కులీతనం నుంచి తప్పించుకున్న బిడ్డ అని అర్థం. పుట్టిన బిడ్డ పేరులోనే ఆ భయం.

తెలుగువాళ్ల సొంత కూలి చరిత్రలో పెద్ద అధ్యాయం బర్మాది. మన పత్రికల్లో దీనికి రావలసినంత చోటు రాలేదు. కాకినాడ పక్కన కోరంగి రేవు ఒకప్పుడు ఓడలు కట్టిన చోటు. 1839 నవంబరు తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. అయినా బర్మాలో తెలుగువాడు ఏ జిల్లా నుంచి వచ్చినా 'కోరంగీ'నే. ఉత్తరాంధ్ర పల్లెలకు రంగూన్ అంటే 'రంగం'. కాకినాడ, విశాఖ, భీమునిపట్నం, కళింగపట్నం తీరాల నుంచి మేస్త్రీలు బయానా ఇచ్చి మనుషులను తీసుకెళ్లేవారు. ధాన్యం మిల్లులు, ఓడరేవు, రిక్షాలు, ఊడ్చే పని, అన్నీ వాళ్లవే. గిరిమిట్ కాగితం లేదు గానీ, మేస్త్రీ అప్పు చాలు కట్టిపడేయడానికి.

1930 మేలో రంగూన్ రేవులోని తెలుగు కూలీలు ఎక్కువ కూలి కోసం సమ్మెకు దిగారు. ఓడలకు సరుకు ఎక్కించి దించే స్టివడోర్ కంపెనీలు బర్మీయులను పనిలోకి తెచ్చాయి. రాజీ కుదిరి తెలుగువాళ్లు తిరిగి రాగానే బర్మీయులను పంపించేశాయి. మే 26న రేవు దగ్గర మొదలైన కొట్లాట నగరమంతా పాకింది. చాలా ప్రాణాలు పోయాయి. ఇద్దరు పేదల మధ్య గొడవగా దాన్ని రాసిపెట్టడం తేలిక. పని చేయించుకున్న కంపెనీలు రెండు వైపులా వాడుకున్న సంగతిని పక్కన పెడితే ఆ చరిత్ర సగమే. 1942లో జపాన్ సేనలు వచ్చిపడినప్పుడు లక్షల మంది భారతీయులు అడవులూ కొండలూ దాటి నడుచుకుంటూ తిరిగొచ్చారు. దారిలో రాలిపోయినవాళ్లకు లెక్క లేదు.

ఒప్పంద కూలీల పద్ధతిని బ్రిటిష్ ప్రభుత్వం 1917లో ఆపింది. తర్వాత ఆ మాటను ఏం చేయాలన్నది వారసుల ముందు పడిన ప్రశ్న. మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో వలసవాళ్లు ఓడ దిగిన మెట్లను 'కూలీ ఘాట్' అనేవారు. దానిని 'ఆప్రవాసీ ఘాట్'గా మార్చుకున్నారు. 2006లో అది యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఇంకొందరు మాటను వదలలేదు. గయానా రచయిత్రి రాజ్‌కుమారీ సింగ్ 1973లో 'నేను కూలీని' అనే శీర్షికతో వ్యాసం రాసి, ఆ చెమట తమ తాత ముత్తాతలదని, దాచుకోవలసింది ఏమీ లేదని వాదించారు. మారిషస్ కవి ఖల్ తొరాబులీ 1992లో 'కూలిట్యూడ్' అనే మాట కట్టారు. ఆఫ్రికా సంతతి కవులు నలుపును గౌరవ చిహ్నంగా నిలుపుకొన్న 'నెగ్రిట్యూడ్' ఆయనకు ఆదర్శం. రెండు దారుల్లో రెండోదానికే ఎక్కువ ధైర్యం కావాలి.

ఇండియాలో పరిస్థితి వేరు. 2016 రైల్వే బడ్జెట్‌లో స్టేషన్ కూలీలకు 'సహాయక్' అని కొత్త పేరు పెట్టారు. ప్లాట్‌ఫారం మీద జనం కూలీ అనే పిలుస్తున్నారు. 1991లో వెంకటేశ్ 'కూలీ నెం.1'గా తెర మీదికొస్తే తెలుగు ప్రేక్షకులకు అందులో అవమానం కనిపించలేదు. 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ పథకం అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. అప్పటి నుంచి 'ఉపాధి కూలీ' అనేది చట్టం ఇచ్చిన హక్కుతో పని అడిగే మనిషి పేరు. కూలి రేటు ఎంత, ఎప్పుడు పడుతుంది అని ఆ మనిషి అధికారిని నిలదీయగలడు. మాట తన పాత అర్థానికి ఇంత దగ్గరగా వచ్చింది ఈ మధ్యనే.

డర్బన్‌లో, పోర్ట్ లూయీలో ఈ తరం పిల్లలు తమ ముత్తాతల 'కూలీ నంబరు' కోసం పాత ఓడ పట్టికలు తిరగేస్తున్నారు. దిగిన ప్రతి మనిషికీ ఒక నంబరు ఉండేది. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద పుట్టుమచ్చ. విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల పేర్లు ఆ పట్టికల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. ఊళ్ల పేర్లు మాత్రం తెలుగు వినని గుమాస్తా చెవికి ఎలా తోస్తే అలా పడ్డాయి. అది ఏ ఊరో పోల్చాలంటే శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా పల్లెల పేర్లు నోటికి వచ్చినవాళ్లు పక్కన కూర్చోవాలి. ఆ పని ఇంకా చాలా మిగిలి ఉంది.